టీసీ చేతిలో పెట్టడమేనా?

గోదావరిఖనిలో నాన్నది సెకండ్ షిఫ్టు అయితే, పిల్లవాడు బడి నుంచి వచ్చేలోపే ఆయన బొగ్గుబాయికి పోతాడు. ఆ వారమంతా ఒకరి ముఖం ఒకరు చూసుకునేది తక్కువే. అలాంటి ఇంటి పిల్లవాడు తరగతిలో తిరగబడితే, బల్ల విరగ్గొడితే, ‘ఇలాంటోళ్లకు వేరే బడి పెట్టాలి’ అంటున్నారు కొందరు. ఈ సంచికలో చర్చ దానిపైనే.

ఆ మాటను కొట్టిపారేయలేం. కిక్కిరిసిన తరగతిని ఒంటిచేత్తో నెట్టుకొచ్చే టీచరు బాధ నిజం. వేరుచేయడమూ మనకు కొత్త కాదు: 1971లో సర్వేల్ గురుకులం పెట్టి చురుకైనవాళ్లను ఏరుకున్నాం. మరి మొండివాళ్లను ఏరి పెట్టిన బడికి ఊళ్లో ఏం పేరొస్తుంది? రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వాన ఎంవీ ఫౌండేషన్ నడిపిన శిబిరాలూ వేరే చోటే. కానీ కూలికి పోయే పిల్లలు అక్కడ కొన్నాళ్లు చదివి, వయసుకు తగ్గ తరగతిలో మామూలు సర్కారు బడికే చేరేవారు. తేడా అక్కడుంది.

2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఎవరినీ బడి నుంచి వెళ్లగొట్టకూడదు. తల్లిని పిలిచి ‘మీరే తీసుకుపోండమ్మా’ అంటే మాత్రం అది ఏ లెక్కలోకీ రాదు!

ముందు బడికో కౌన్సెలర్‌ను ఇవ్వండి. పేరెంట్స్ మీటింగ్ షిఫ్టులు చూసి పెట్టండి. వేరే బడి ఊసు ఆ తర్వాతే. టీచర్లూ, తల్లిదండ్రులూ, కాదనిపిస్తే మాకు రాయండి, వేస్తాం.