ఋతువును బట్టి నేత

ఏడాది పన్నెండు నెలలూ మగ్గము ఒకే వేగముతో ఆడాలని కోరేవారు మన సంఘాలలో ఎక్కువవుతున్నారు. నెలకు ఇన్ని చీరలు, ఇన్ని తువ్వాళ్ళు అని గీత గీసి, వైశాఖమైనా శ్రావణమైనా అదే లెక్క చూపమంటున్నారు. ఇది మరమగ్గానికి సరిపోవచ్చును. గుంట మగ్గానికి సరిపోదనీ, నేతగాని ఇంటికి బొత్తిగా సరిపోదనీ మా అభిప్రాయము.

ప్రత్తి నూలు గాలిలోని తేమను పీల్చుకొనే వస్తువు. తేమ తగిలితే బలపడుతుంది, ఎండితే పెళుసెక్కుతుంది. అందువల్లనే నడివేసవిలో మన పెద్దలు తెల్లవారుజామున మగ్గమెక్కి, ఎండ ముదిరేలోగా దిగేవారు. గుంటలో నీళ్ళు చల్లడమూ, కిటికీకి తడిగోనె కట్టడమూ ఊరకనే వచ్చిన అలవాట్లు కావు. నేల చలువ పడుగుకు తగలడము గుంట మగ్గానికున్న పెద్ద లాభము. ఆ చలువ కోసము మిల్లులవారు యంత్రాలు పెట్టి డబ్బు ఖర్చు చేస్తారు. వానకాలములో కథ తిరగబడుతుంది. గంజి పెట్టిన పడుగు వీధిలో ఆరదు. మబ్బు లేదని సాచడము, చినుకు పడగానే చుట్టుకొని పరుగెత్తడము మన వీధులలో పుట్టిన పిల్లలందరూ చూసినదే గదా. ఆరని గంజికి బూజు పడుతుంది, పోగుకు పోగు అంటుకొంటుంది. గుంటలో నీరూరిందంటే ఇక మగ్గము మాటే లేదు. పట్టు సంగతి వేరు. తడిస్తే నూలు వలె బలపడదు సరిగదా, నీరసిస్తుంది. కాబట్టి బరంపురములో పట్టు నేసేవారి వానకాలపు చిక్కులూ, ముతక నూలు నేసేవారి చిక్కులూ ఒకటి కావు.

ఇంకొక విషయము. మనవారు స్థిరపడిన చోట్లన్నిటికీ వాన ఒకేమారు రాదు. షోలాపూరులో జ్యేష్ఠము మొదలు భాద్రపదము వరకు వచ్చేదే వాన, అదీ తక్కువ. యానాములో ఆషాఢ శ్రావణాలలో గోదావరి వరద భయము, కార్తీకములో తుఫాను భయము. 1986 ఆగస్టు వరదనూ, 1996 నవంబరు తుఫానునూ అక్కడివారు మరువలేదు. బరంపురము వైపు 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురము వద్ద తీరము దాటింది. తమిళనాట ముఖ్యమైన వానలు ఐప్పసి, కార్తిగైలలో, అనగా ఇంచుమించు అక్టోబరు నడుమ నుండి డిసెంబరు నడుమ వరకు. అందరికీ కలిపి ఒకే పట్టిక వ్రాసి పంపితే అది ఎక్కడా అతకదు.

తమిళనాటి చిక్కు మాకు బాగా తెలిసినది గనుక దానిని కొంచెము విప్పి చెబుతాము. గుడ్డ బాగా అమ్ముడుపోయేది దీపావళికి. పడుగు ఆరని రోజులు మొదలయ్యేదీ అప్పుడే. ఈ మాట చిన్నపిల్లవాడికి కూడా తెలుసును. అయినా ఆర్డర్లు చేతికి వచ్చేది ఆగస్టు దాటిన తరువాత, నూలు చిలపలు వచ్చేది ఆ తరువాత. ఇక రాత్రింబవళ్ళు నేత. దీపము క్రింద తెగిన పోగు కనబడదు. అంచు వంకర పోతుంది. ఆ గుడ్డను రెండవ రకమని కొట్టివేసి కూలి తగ్గిస్తారు. ఆలస్యము ఒకరిది, కోత మరొకరికి.

దీనికి బదులుగా మాఘము నుండి ఆషాఢము వరకు నిదానముగా నేయించాలని మేము అంటున్నాము. “ముందే నేసిన సరుకు గిడ్డంగిలో పడివుంటే బ్యాంకు వడ్డీ ఎవరు కట్టాలి?” అని తోటి కార్యదర్శులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నయే. కాని రెండవ రకము గుడ్డ మీద పోయేదెంత, తొందరలో హెచ్చు ధరకు కొన్న నూలుకు పోయేదెంత, పని లేని నెలలో షావుకారు దగ్గరకు వెళ్ళి తిరిగిరాని సభ్యుని వల్ల పోయేదెంత అన్నవి కూడా ఆ లెక్కలో వేయాలి. అన్ని రకాలూ ముందు నేయనక్కరలేదు. తువ్వాళ్ళు, పంచెలు, దుప్పట్లు ఏడాదికి ఏడాది మారవు. వాటిని ముందు నేయించి పెట్టుకోవచ్చును. రంగులూ అంచులూ మారే చీరలను మాత్రము ఆర్డరు చూసి వేయించవచ్చును.

పట్టణాలలో ఇప్పుడు నిదానపు బ్రతుకు, నిదానపు గుడ్డ అని కొత్త మోజు పుట్టినది. చీర మీద చీటీ కట్టి దీనిని నిదానముగా నేసినారని వ్రాస్తున్నారు. కొనేవారికి నచ్చితే మాకూ సంతోషమే. అయితే నాడె ఆగిన నాడు కూలి కూడా ఆగితే దానిని నిదానము అనరు, పస్తు అంటారు. చేతిలో పైసా ఉన్నవానికే నెమ్మది. వానకాలములో షావుకారు ఇచ్చే బయానా మరుసటి వానకాలము దాకా తీరదు. కాబట్టి పని జోరుగా సాగే నెలలలో కూలి నుండి కొంత, సంఘము వైపు నుండి కొంత పొదుపు నిధిలో వేసి, ఆ నిధిని వాన నెలలలో వారము వారము పంచాలి. ఏడాది చివర మొత్తముగా ఇస్తే అది పెండ్లికో అప్పుకో పోతుంది, వానకాలానికి మిగలదు.

2019–20 చేనేత గణనలో దేశము మొత్తము మీద 35 లక్షలకు పైగా చేనేత పనివారు తేలినారు. వారిలో నూటికి 72 మంది స్త్రీలు. కండెలు చుట్టడము, ఆసు పోయడము, గంజి కాయడము ఎక్కువగా ఆడవారి చేతి పనులే. నేత తొందరపడితే ముందు నిద్ర చెడేది వారికి. కూలి పుస్తకములో మాత్రము మగవాని పేరొకటే ఉంటుంది. దీని మీద వేరుగా వ్రాయవలసి ఉన్నది.

అమావాస్య నాడు మగ్గమెక్కని ఆచారము మన ఇళ్ళలో చాలా చోట్ల ఇంకా ఉన్నది. అది మానితే నెలకు ఒక రోజు పని కలిసివస్తుందని కొందరు లెక్క కడుతున్నారు. ఆ రోజున మగ్గము శుభ్రపడుతుంది, అచ్చు చూసుకొంటారు, తెగిన త్రాళ్ళు ముడివేస్తారు, మనిషి నడుము వాలుస్తాడు. షోలాపూరులో శ్రావణ పున్నమికి మార్కండేయుని రథము వెంట నడిచే మనవారెవరూ ఆ రోజు నష్టమైనదని అనుకోరు. వాన నెలలను కూడా ఇటువంటి పనులకే వాడుకోవచ్చును. కొత్త రంగు పోగులను ఉతికి చూడడము, ఇంటి పిల్లలకు అంచు కట్టడము నేర్పడము పని తొందరలో ఎన్నడూ సాగవు.

ఉగాదికి ముందు జరిగే సభ్యుల సమావేశములో ప్రతి సంఘమూ తన ఊరి వానను బట్టి ఒక పట్టిక వ్రాసుకోవాలని మా కోరిక. ఏ నెలలో నూలు తేవాలి, ఏ నెలలో ఆర్డరు ఇవ్వాలి, ఏ నెలలో నిధి పంచాలి అన్న మూడు గడులు చాలును. పట్టిక వ్రాసేటప్పుడు పాలకవర్గము వారితో బాటు వీధిలో పడుగు సాచే ఇద్దరు ముగ్గురు పెద్దవారినీ, గంజి కాచే ఆడవారినీ కూర్చోబెట్టండి. నూలు తెచ్చే నెలను మాత్రము వారు చెప్పినట్లే వేయండి.