పిఠాపురం రాజాగారి డేటాబేస్

పిఠాపురం అని సెర్చ్ కొడితే మీ ఫోన్ ముందు రాజకీయాలే చూపిస్తుంది. ఇంకాస్త కిందకి స్క్రోల్ చేయండి, ఓ రాజాగారు తగులుతారు. రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు. 1885లో పుట్టారు.

పుట్టడమే పేచీతో పుట్టారు. తండ్రిగారు అప్పటికే వెంకటగిరి వంశం నుంచి ఒకరిని దత్తత తెచ్చుకున్నారు. తర్వాత ఈయన పుడితే, వీలునామాలో ఎస్టేటంతా ఈయనకే రాసేశారు. దత్తపుత్రుడు ఊరుకుంటారా? ఈ పిల్లాడు అసలు రాజాగారి కొడుకే కాదంటూ కోర్టుకెక్కారు. లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లి 1899లో వీలునామానే గెలిచింది. అప్పటికి కుర్రాడికి పదమూడు, పద్నాలుగేళ్లు. నీ వంశమేంటని ఊరంతా మాట్లాడుకుంటుంటే పెరగడం ఎలా ఉంటుందో మరి!

ఆ కుర్రాడి పేరు చివరికి ఒక డిక్షనరీ మీద నిలిచింది. సూర్యరాయాంధ్ర నిఘంటువు. 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టారు, తర్వాత అది కాకినాడ వచ్చింది. డబ్బు రాజాగారిది, పెద్దరికం మన కోనసీమ ముక్తేశ్వరంలో పుట్టిన జయంతి రామయ్య పంతులుగారిది. పండితులు కావ్యాలు తిరగేసి, ఏ మాట ఏ కవి ఎక్కడ వాడాడో ఉదాహరణతో సహా ఎక్కించారు. సెర్చ్ లేదు, సార్ట్ లేదు, కాపీ పేస్ట్ అసలే లేదు. మొదటి సంపుటం 1936లో వచ్చింది. పంతులుగారు 1941లో, రాజాగారు 1964లో పోయారు. ఎనిమిది సంపుటాలూ పూర్తయ్యేసరికి 1970లు వచ్చేశాయి. మా ఆఫీసులో రెండు వారాలు లేటయితేనే మీటింగ్ మీద మీటింగ్!

ఇప్పుడది నెట్‌లో ఫ్రీ. వారానికోసారైనా తెరుస్తాను. కానీ నాకో కంప్లయింట్ ఉంది.

పంతులుగారు గ్రాంథికం పక్షానికి నాయకుడు. అందుకే పుస్తకాల్లో ఉన్న మాటకి పెద్దపీట, జనం నోట్లో ఉన్న మాటకి గడప బయట చాప. గిడుగు రామమూర్తిగారు దీన్ని గట్టిగానే విమర్శించారు. నాకు వింతగా అనిపించేది రాజాగారి సంగతి. రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి మాట విని కాకినాడలో అనాథ శరణాలయం పెట్టించారు, తన కాలేజీలో ఆడపిల్లల్ని, దళిత పిల్లల్ని ఫీజు లేకుండా చదివించారు. ఆ పిల్లలకి తలుపు తీసినాయన వాళ్ల ఇంటి మాటలకి ఎందుకు తీయలేదు?

అయినా ఆయన్ని అనేముందు నా ఫోన్ సంగతి చూడాలి. మొన్న ‘బేగి వచ్చెయ్’ అని తమ్ముడికి టైప్ చేస్తే కీబోర్డు దాన్ని ‘బ్యాగ్’ చేసేసింది. ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాసేది మా బ్యాచే కదా.

అందుకే పోయిన నెల నుంచి అమ్మమ్మకి ఫోన్ చేసినప్పుడల్లా ఆవిడ మాటలు ఓ షీట్‌లో ఎక్కిస్తున్నాను. పక్క కాలమ్‌లో ఎవరు, ఏ ఊళ్లో, ఏ సందర్భంలో అన్నారో రాస్తున్నా. అదీ పరిషత్తు పండితుల పద్ధతే. నిన్నటికి అరవై మూడయ్యాయి.

“ఇయ్యన్నీ ఎందుకురా నీకు? కూసింత అన్నం తిని పడుకో” అంది అమ్మమ్మ.

అరవై నాలుగు.