అటకమీది ఆస్తి

ఇంటిపెద్ద గతించి పదుమూడు దినములు గడవకముందే మనవారి మాటలు పొలముమీదికి, నగలమీదికి, ఇంటిస్థలముమీదికి పోవును. ఇది తప్పని మేము చెప్పము. ఆస్తి యున్నచోట పంపకము తప్పదు. మా యాక్షేపణ మరియొకటి. ఆ పెద్దమనిషి బ్రదికినన్నాళ్లు పారవేయక దాచినదానిని మన మేమి చేయుచున్నాము?

తిరువళ్ళూరులోను తిరుత్తణిలోను తెలుగువారి యిండ్ల అటకలమీద రేకుపెట్టెలు, కాగితపు మూటలు, తాటాకు కట్టలు, పాత పంచాంగములు, లెక్కపుస్తకములు నేటికిని గలవు. "పిచ్చివాడు, చెత్తంతయు పోగుచేసినాడు" అని యొక మాట యని, పాత కాగితములవానిని పిలిచి తూకమునకు వేయుచున్నాము. బంగారమును గురివిందగింజ యెత్తువరకు తూచిన చేతులే వ్రాతలను గోనెలకెత్తుచున్నవి.

ఆ మూటలలోని దంతయు రత్నములని మా వాదము కాదు. తుప్పుపట్టిన డబ్బాలు, పగిలిన సీసాలు, చిరిగిన గోనెలు పారవేయవలసినవే. కాని కాగితమును పారవేయుటకు ముందు చదువవలెను. చిక్కంతయు నిక్కడనే యున్నది. వ్రాత తెలుగు; వారసులకు తెలుగు చదువరాదు.

చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి తాలూకా పటాస్కర్ తీర్పు ననుసరించి 1960 ఏప్రిల్ 1న మదరాసు రాష్ట్రమున చేరినది. సరిహద్దు మారినది గాని పెట్టెలోని కాగితపు భాష మారలేదు. 2006 నాటి తమిళనాడు చట్టము బడులలో తమిళమును నిర్బంధము చేసెనని మనము తరచుగా వాపోవుచుందుము. తమిళము నేర్చుట మంచిదే. ఇంటిలో సాయంకాలము తాతప్రక్కన కూర్చుండి ఓనమాలు దిద్దరాదని ఏ చట్టము చెప్పినది?

ధనమే ప్రధానమనువారికి ధనపు మాటయే చెప్పుదుము. వీలునామా చెల్లుటకు రిజిస్టరు కానక్కరలేదు. ఇద్దరు సాక్షులు విధిగా సంతకము చేసిన చాలును. అట్టిది పంచాంగపు మడతలలో నుండి తూకమునకు పోయిన నెవరిది నష్టము? ముప్పది యేండ్లు నిండిన పత్రము ఉండదగిన చోటినుండి వచ్చినయెడల, అందలి సంతకము నిజమైనదే యని న్యాయస్థానము భావింపవచ్చునని 1872 నాటి సాక్ష్యచట్టము చెప్పెను. 2024 జూలై 1న దాని స్థానమున వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము గూడ ఆ సూత్రమును నిలిపినది. ఉండదగిన ఆ చోటు ఏది? మనము నవ్విన రేకుపెట్టెయే. రిజిస్టరైన దస్తావేజునకు కచ్చేరిలో నకలు దొరకును. అన్నదమ్ములు వ్రాసికొన్న పంపకపు చీటికి, అప్పు తీరిన రసీదునకు నకలు ఎక్కడ దొరకును? వాటా తేల్చు కాగితమును చేతులార అమ్మి, పిదప వాటాకై వకీలు నింటికి తిరుగుట వివేకమా?

కర్నల్ మెకంజీ కావలి సోదరుల సాయమున స్థానిక చరిత్రలను, వ్రాతప్రతులను సేకరించి 1821లో మరణించెను. ఆ సేకరణను ఆయన భార్యనుండి కుంఫిణీవారు 10,000 పౌండ్లకు కొనిరి. అందు చాలభాగము నేడు చెన్నపట్టణపు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున నున్నది. కోటైయూరి రోజా ముత్తయ్య 1992లో గతింపగా, ఆయన పోగుచేసిన తమిళ గ్రంథములను చికాగో విశ్వవిద్యాలయము కొనెను. 1994లో చెన్నపట్టణమున ఆయన పేర గ్రంథాలయము వెలసినది. తమిళ సోదరుని యింటి పోగు గ్రంథాలయమైనది. మన యింటి పోగు అంగడిలో పొట్లమగుచున్నది.

మేము కోరునది కొంచెమే. కర్మ ముగిసిన పిదప నొక మాసమువరకు వ్రాత యున్న కాగితమేదియు గడప దాటరాదు. వారసులందరి యెదుట పెట్టెలు తెరచి, జాబితా వ్రాసి, అందరును సంతకము చేయవలెను. 2005 నాటి సవరణ కుమార్తెకు కుమారునితో సమానముగ పిత్రార్జితమున హక్కు నిచ్చినది గనుక ఆడపడుచులను పిలువక పెట్టె తెరవరాదు. తెలుగు చదువరాని యింటికి చదువ నేర్చిన యిద్దరిని మన సంఘము పంపవలెను; వార్షికోత్సవమున పూలదండలు వేయుటకంటె నిది ముఖ్యమైన పని. ఎవరికిని అక్కరలేని తాటాకులను భాండాగారమువారికి చూపవలెను. మిగిలిన చెత్తను నిశ్చింతగా పారవేయవచ్చును.

దాచినవాడు పిచ్చివాడో, దూరదృష్టి గలవాడో ఆ కాగితములు చదివిన పిదప తేల్చుదము. చదువకయే తీర్పు చెప్పు నధికారము వారసత్వముతో మనకు సంక్రమింపలేదు.