ఇంటి సంగతులు: చలిలో నీటి గొట్టాల రక్షణ

బదిలీపై కాశ్మీరుకో, హిమాచల్ ప్రదేశ్‌కో వెళ్లిన మన తెలుగు కుటుంబాలకు డిసెంబరు, జనవరి మాసాలు ఒక పరీక్ష. కాశ్మీరులో డిసెంబరు 21 నుండి నలభై రోజుల తీవ్రమైన చలికాలాన్ని ‘చిల్లై కలాన్’ అంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మనకు సంక్రాంతి వస్తుంది. క్వార్టరుకు తాళం వేసి స్వస్థలానికి బయలుదేరుతాము. తిరిగి వచ్చేసరికి గొట్టం పగిలి, ఇల్లంతా నీరు నిండి, పిల్లల పుస్తకాలు, పరుపులు తడిసి ముద్దయి ఉండవచ్చు.

కారణమేమిటి? నీరు గడ్డకట్టినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. గొట్టంలో ఒకచోట మంచు బిరడా వలె అడ్డుపడి పెరిగేకొలదీ, దానికీ మూసి ఉన్న కుళాయికీ మధ్య చిక్కిన నీటిలో ఒత్తిడి విపరీతంగా హెచ్చుతుంది. గొట్టం సాధారణంగా అక్కడే పగులుతుంది. మంచు కరిగిన తరువాతే నీరు కారుతుంది కనుక నష్టం వెంటనే కంటబడదు.

ఆరుబయట గొట్టాలకు ఫోమ్ తొడుగు గాని, గోనెపట్టా, పాత ఉన్ని దుప్పటి ముక్కలు గాని దళసరిగా చుట్టి, త్రాడుతో బిగించి, పైన పాలిథిన్ కప్పాలి. తడిసిన గోనె చలిని ఆపలేదు. మలుపుల వద్ద, వాల్వుల వద్ద సందులు మిగలరాదు.

అయితే ఈ చుట్టు వేడిని పుట్టించదు. ఉన్న వేడి పోవడాన్ని ఆలస్యం మాత్రమే చేస్తుంది. రోజుల తరబడి కదలక నిలిచిన నీరు ఎంత చుట్టినా గడ్డకట్టవచ్చు. కనుక ఊరు వెళ్లేముందు గీజరు స్విచ్చి ఆపి, ప్రధాన వాల్వు మూసి, కుళాయిలన్నీ తెరచి, గొట్టాలను పూర్తిగా ఖాళీ చేయాలి. ఇంట్లో ఉన్నప్పుడు రాత్రివేళ ఒక కుళాయిని సన్నని ధారగా వదలి ఉంచితే ఒత్తిడి పెరగదు.

గడ్డకట్టిన గొట్టాన్ని ఎన్నడూ మంటతో కాచరాదు. కుళాయి తెరచి ఉంచి, వేడినీటిలో ముంచిన గుడ్డను కుళాయి వైపు నుండి క్రమంగా ముందుకు జరుపుతూ చుట్టాలి.

ఇక మన తెలుగునాట గొట్టాలకు శత్రువు చలి కాదు, ఎండ. మేడపైని పి.వి.సి. గొట్టాలు ఏళ్ల తరబడి ఎండ సోకి పెళుసుబారుతాయి. నీటితో కలిపే లేతరంగు పెయింటు పూస్తే ఎక్కువకాలం మన్నుతాయి.

కొండ ప్రాంతాల సోదర ఉద్యోగులకు, వారి గృహిణులకు ఒక్క మనవి: ఈ సంక్రాంతికి తాళం వేసేముందు వాల్వు మూశామా, గొట్టం ఖాళీ చేశామా అని ఒకసారి చూసుకోండి. పది నిమిషాల ఈ శ్రమ పండుగ సంతోషాన్ని తిరుగు ప్రయాణం తరువాత కూడా నిలుపుతుంది.