కుప్ప పోసిన అన్నం

మొన్న ఎండాకాలం జమ్మలమడుగులో ఒక పెళ్లికి వెళ్లి, వంట పందిట్లోకి తొంగిచూశాను. ఈతచాపల మీద తెల్లగుడ్డ పరిచి అన్నం కుప్ప పోశారు. పొద్దున తొమ్మిదికి వార్చింది. ఆఖరి బంతి లేచేసరికి మూడు దాటింది. కుప్ప అంచు చల్లారిపోయింది. గరిటె దించి లోపలిది తీస్తే ఇంకా గోరువెచ్చగానే ఉంది. నా భయమంతా ఆ గోరువెచ్చదనం గురించే.

బియ్యం విషయంలో మన ఆడవాళ్ల శ్రద్ధకు వంక పెట్టలేం. చాటలో చెరుగుతారు, రాళ్లు ఏరతారు, మూడు నీళ్లు కడుగుతారు. కానీ ప్రొద్దుటూరు దగ్గర కేసీ కాలువ కింద పండినా, లారీలో పులివెందులకు దిగినా, వడ్లు మట్టిని అంటిపెట్టుకుని పెరిగినవే. ఆ మట్టిలోని బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా గింజతోపాటు ఇంటికొస్తుంది. పొడి బియ్యంలో పెరగదు, సిద్ధబీజంగా మారి నెలల తరబడి పడి ఉంటుంది. కడిగితే కొంతే పోతుంది. ఎసట్లో ఉడికినా చావనివి మిగులుతాయి. అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటే అవి మేలుకుని, పెరిగి, విషం వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా విరగదు. రాత్రి బయట వదిలేసిన అన్నాన్ని పొద్దున పోపులో వేసి చిత్రాన్నం చేస్తే సరిపోతుందనుకునేవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పాలి.

1971లో లండన్‌లో చైనా హోటళ్ల ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్లకు వాంతులు పట్టుకున్నప్పుడు తేలిందిదే. ఫ్రిజ్‌లో పెడితే ముద్దకడుతుందని అక్కడ అన్నాన్ని బయటే ఉంచేవారు.

మన పెద్దలు సద్దన్నం తినలేదా అంటారు. తిన్నారు, మజ్జిగ పోసి పులవబెట్టుకుని. పులుపెక్కిన దాంట్లో ఈ క్రిమి పెరగడం కష్టం. మూతపెట్టి మరిచిపోయిన పొడి అన్నం సద్దన్నం కాదు. నాగులచవితికి నానబియ్యం దంచి చేసే పచ్చి చలిమిడికైతే అసలు నిప్పే తగలదు. దాన్ని మరుసటి పూటకు దాచకండి.

పెళ్లిళ్లు చేసేవాళ్లను బతిమాలుకుంటున్నాను: బంతి బంతికీ వార్చించండి. లేదంటే 60 డిగ్రీలకు తగ్గకుండా వేడిగా ఉంచండి. ఇళ్లల్లో మిగిలితే వెడల్పాటి పళ్లెంలో పలచగా ఆరబెట్టి, రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టండి.

ఆ సాయంత్రం మిగిలిన అన్నాన్ని బకెట్లకెత్తి ఒక హాస్టల్‌కు పంపబోతుంటే అడ్డుపడ్డాను. పెళ్లికూతురి తండ్రి నొచ్చుకున్నాడు. "పిల్లోళ్ల నోటికాడి కూడు పారబొయ్యమంటావా అన్నా?" అన్నాడు. పారబొయ్యమనే అన్నాను. కాసేపు మాట్లాడలేదాయన. తర్వాత ఆయనే వంటమనిషిని కేకేసి, పిల్లలకు మళ్లీ ఎసరు పెట్టించాడు.