ఉడుతకు కారం తగిలితే?



గుంటూరు జిల్లా నుంచి ఏడో తరగతి చదివే తమ్ముడొకడు ఈ నెల మంచి ప్రశ్న పంపాడు. సెలవుల్లో అతడు స్క్రాచ్ సాయంతో కంప్యూటరు మీద ఒక ఆట తయారుచేశాడట. అందులో ఒక ఉడుత గెంతుకుంటూ పోయి మూడు మజిలీలు దాటాలి. మజిలీ అంటే మీరు లెవెల్ అంటారే, అదే. మొదటిది పత్తి చేను, రెండోది మిరప కల్లం, మూడోది గుంటూరు మిరప యార్డు. మొదటిదీ మూడోదీ బాగానే కుదిరాయి. కల్లం మాత్రం బోసిగా వుంది. ఎర్రటి నేల, మూడు గోతులు, అంతే! ఆడినవాళ్లంతా ఆవులించారట. పోనీ అని ఇరవై కోతుల్ని తెచ్చి పెడితే ఒక్కరూ దాటలేకపోయారట. "కల్లాన్ని తీసి పారెయ్యమంటారా?" అని అడుగుతున్నాడు.

వద్దు తమ్ముడూ! బోసిగా వున్నచోట వస్తువులు కుప్పపోసినంత మాత్రాన నిండుతనం రాదు. ఆ చోటికే చెల్లే సంగతి ఏదో చూసి, దాన్ని పట్టుకోవాలి.

మిరప కల్లంలో నిజంగా ఏం జరుగుతుంది? అప్పుడే కోసిన పండుకాయల బరువులో సగానికి పైగా నీరే. దాన్ని సుమారు 10 శాతానికి దించాలి. అందుకని కాయల్ని పలచగా పరిచి, రోజుల తరబడి ఎండలో తిరగేస్తూ వుంటారు. ఈలోగా వాన పడిందా, కాయ బూజుపడుతుంది, రంగు చెడుతుంది, ధర పడిపోతుంది. ఏడాది కష్టం ఒక్క వానతో పోవచ్చు. కనుక కల్లంలో అందరికీ భయం కోతిని చూసి కాదు, మబ్బును చూసి!

నీ ఆటలోనూ అదే పెట్టు. తెర మీద ఒక మూల నల్లని మబ్బు బయలుదేరాలి. దాని నీడ మెల్లగా కల్లం మీదికి రావాలి. అది చేరేలోగా ఉడుత అయిదు రాశుల మీదా పట్టాలు కప్పాలి. ఇక ఎవరు ఆవులిస్తారో చూద్దాం!

రెండో సంగతి చిలక. చిలక మిరపకాయను హాయిగా కొరుక్కు తింటుంది గదా, దానికి మంట పుట్టదేం? మిరపలో మంట పుట్టించే పదార్థం పేరు కాప్సైసిన్. మన నరాల కొసల్లో వేడిని పసిగట్టే గ్రాహకం ఒకటి వున్నది. కాప్సైసిన్ తగిలితే అది మోసపోయి, "కాలుతోంది!" అని మెదడుకు కబురు పంపుతుంది. డేవిడ్ జూలియస్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి 1997లో ఈ గ్రాహకాన్ని గుర్తించాడు. 2021లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం లభించింది. పక్షుల్లోనూ ఇటువంటి గ్రాహకమే వుంది గాని, అది కాప్సైసిన్‌ను పట్టించుకోదు. ఉడుత మనవలె పాలిచ్చి పెంచే జంతువు. దానికి మంట తప్పదు! అన్నట్టు, కారం ఎక్కువగా వుండేది కాయ లోపల, గింజలు అంటుకునే తెల్లని పొరలో.

ఈ శాస్త్రాన్నే ఆటకు నియమంగా పెట్టుకో. నిండుకాయ మీద ఉడుత నడిస్తే ఏమీ కాదు. చిలక కొరికి పడేసిన కాయ తగిలితే మాత్రం "అబ్బో!" అని రెండింతలు ఎత్తు ఎగురుతుంది. నిజం ఉడుత అంత ఎగరదు. ఆటలో మనకా స్వేచ్ఛ వుంది.

ఇక మిగిలింది వరస. తొక్కుడుబిళ్ళలో మొదటి గడి కాళ్ల దగ్గరే వుంటుంది, పోనుపోను గడి దూరమవుతుంది. 1985లో జపానులో నింటెండో కంపెనీ తరఫున మియమోతో, తెజుకా అనే ఇద్దరు 'సూపర్ మారియో బ్రదర్స్' మజిలీలను గళ్ల కాగితం మీద గీశారు. మొదటి మజిలీలో ఒకచోట రెండు మెట్ల వరసలు ఎదురెదురుగా వుంటాయి. వాటి మధ్య గట్టినేల. జారినా భయం లేదు. కొంచెం ముందుకుపోతే మళ్లీ అటువంటి మెట్లే, ఈసారి మధ్యన గొయ్యి! ముందు నేర్పి, తరువాత పరీక్ష పెట్టారన్నమాట.

నువ్వూ అట్లాగే చెయ్యి:

1. చదునైన నేల మీద ఒక్క కొరికిన కాయ. ఉడుత ఎగిరి పడుతుంది. ప్రమాదమేమీ లేదు.

2. టిక్కీల దొంతర పక్కన ఒక కాయ. ఎగిరితేనే పైకి చేరగలదు.

3. నల్లరేగడి నేల ఎండకు నెర్రెలిస్తుంది గదా! పెద్ద నెర్రె ముందు ఒక కాయ.

4. చివరకు ఇవన్నీ కలిపి, పైన మబ్బు.

ఆట పూర్తయ్యాక నీకంటె చిన్నవాళ్ల చేత ఆడించు. పక్కన కూర్చుని చూడు గాని, నోరు మెదపకు. అందరూ ఒకేచోట పడిపోతుంటే తప్పు వాళ్లది కాదు, నీ పటానిది. అక్కడ మళ్లీ గీయి.

మీరంతా కూడా ఒక గళ్ల కాగితం తీసుకుని మీ వూరి చెరువుగట్టునో, పత్తి చేనునో మజిలీగా గీయండి. ముందు అమ్మానాన్నల్ని ఒక ప్రశ్న అడగండి: "అక్కడ మీరు దేన్ని చూసి భయపడతారు?" వాళ్లు చెప్పే జవాబులోనే మీ ఆట వుంటుంది.