గజం ధరకన్నా కాగితం ముఖ్యం

2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలైన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాల అంచుల్లో పంట చేలు హద్దురాళ్లు పాతిన ప్లాట్లుగా మారుతున్నాయి; పదవీ విరమణతో సింగరేణి బొగ్గు గనుల క్వార్టరు ఖాళీ చేయవలసిన భూపాలపల్లి కార్మికుడికైతే సొంతిల్లు కోరిక కాదు, అవసరం. అయితే ప్రభుత్వ ఆమోదం లేని భూవిభజన, అంటే అనధికార లేఅవుట్, రోడ్డుకూ మురుగుకాలువకూ పార్కుకూ చాలినంత చోటు వదలకపోతే, ఆ లోటు కొన్నవారి నెత్తినే పడుతుంది. అటువంటి ప్లాట్లను రుసుముతో క్రమబద్ధీకరించే ఎల్ఆర్ఎస్ పథకం 2020లో మళ్లీ రావడమే ఈ చిక్కు తీరలేదనడానికి నిదర్శనం. అలాగే రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితపు ఒప్పందం, అనగా సాదా బైనామా, దానంతటదే యాజమాన్య హక్కునివ్వదు. మహబూబాబాద్ జిల్లాలోని కొత్తగూడ, గంగారం వంటి ఏజెన్సీ మండలాల్లోనైతే 1/70 నిబంధన ప్రకారం గిరిజనేతరులు భూమి కొనడమే చెల్లదు. కనుక ఆస్తిపై జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీలనూ తాకట్టులనూ చూపే ఈసీ పత్రాన్ని, పాత లింకు దస్తావేజులను, లేఅవుట్ ఆమోదాన్ని పరిశీలించాకే బయానా ఇవ్వడం కొనుగోలుదారుడి జాగ్రత్త కాగా, ఆమోదిత లేఅవుట్ల జాబితాను అందరికీ కనిపించేలా ఊరి కూడలిలో బోర్డుపై రాయించడం పురపాలక సంఘాల కనీస బాధ్యత.